ఉత్తరకార్తె దాటిన విత్తు



“ఉత్తర చూసి ఎత్తర గంప” అని రాయలసీమ పల్లెలలో ఒక సామెత కలదు. మృగశిర మొదలుకొని కార్తె వెంట కార్తె లెక్కించుచు వానకై ఎదురుచూచిన రైతు, ఉత్తరకార్తె వచ్చినను చినుకు పడకున్నచో, గంప నెత్తికెత్తుకొని ఊరు విడువవలసినదే యని దాని భావము. మృగశిర జూన్ 8 ప్రాంతమున ప్రవేశించును. ఉత్తర సెప్టెంబరు 13 ప్రాంతమున వచ్చి రెండు వారములుండును. ఈ నడుమ మూడు నెలల వాన ఎట్లు నడచునో ఆ యేటి సేద్యమట్లే నడచును. 1876–78 నాటి మహాక్షామమును చూచిన నేల యిది. కావున ఆ సామెతను సోమరుల మాటగ త్రోసివేయరాదు. అయినను, గంప ఎత్తుటకు ముందు చేయదగిన పని ఏదైన మిగిలియున్నదా యని విచారించుట కాయకధర్మము. పొద్దు వాలిన తరువాత పెట్టు విత్తును గూర్చినదే ఈ ప్రవచనము.

కలికిరి ప్రాంతము పీలేరునకును మదనపల్లెకును నడుమ, పాకాల–ధర్మవరము రైలుమార్గముపై నున్న మెట్టసీమ. చిరకాలము చిత్తూరు జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడినపుడు దానిలో చేరినది. ఇచ్చట వానలు రెండు దఫాలు. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరృతి వానలు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య వానలు. మొదటి వాన చేనును విత్తించును. రెండవ వాన చెరువును నింపును. మెట్టచేలలో వేరుసెనగ, అనగా ఊరివారి మాటలో చెనిక్కాయ, ముఖ్యమైన పైరు. బావియో బోరో ఉన్నచోట టమాట వేయుదురు. వేరుసెనగను జూన్, జూలై నెలలలో విత్తవలెను. ఆ అదను తప్పినచో వాననే నమ్ముకొని దానిని విత్తుట నష్టమునకే. అప్పుడు మెట్టకు మిగులునది ఉలవ. పెరటికి మిగులునవి తీగజాతులు. గుమ్మడి, సొర, బీర, దోస అను నాలుగును పేదవాని పెరటి ధనములు.

అట్టి ఊరిలోని ఒక లింగాయత గృహమును దృష్టాంతముగ తలచుకొనుడు. ఇంటి యజమానికి ఏబది యేండ్లు దాటినవి. రెండెకరముల మెట్ట, పెరటిలో నీరడుగంటిన ఒక బావి అతని ఆస్తి. ఆ యేడు వేరుసెనగ పూతదశలోనే ఎండిపోయినది. చేనిని పశువుల మేతకు వదలి, బెంగుళూరునకు పోయి కట్టడపు పనిలో కూలి చేయుదమని అతడు మూట కట్టుకొనెను. తెల్లవారిన బస్సెక్కవలె ననగా, ఉత్తరకార్తె నడుమ వరుసగ రెండు రాత్రులు మంచివాన కురిసెను. బావిలో రెండు నిలువుల నీరు చేరెను.

ఆ ఇంటి కోడలు అటక క్రింద వ్రేలాడుచున్న ఎండు సొరబుర్రను దింపినది. బూడిద కలిపి దాచిన విత్తనములు అందులో నున్నవి. “అత్తమ్మా, పెరటిలో పాదులు తీసి వీనిని పెట్టుదమా?” అని యడిగినది. అత్తగారు ఒప్పుకొనలేదు. ఆమె చెప్పిన కారణములు మూడు. “తీగవిత్తులు ఆషాఢములో పెట్టవలసినవే కోడలా, ఇప్పుడు అదను దాటిపోయినది. పైగా ఇవి మహాలయపక్షపు దినములు. అమావాస్య పోవక క్రొత్తపని కూడదందురు. అన్నిటికంటె ముఖ్యము, ఇంటిలో నున్న గింజలివే. ఇవి మట్టిలో కలిసినచో వచ్చే యేటికి ఏమి పెట్టుదుము?” అని యామె పలికెను. యజమాని మాటాడక మూట బిగించుచుండెను.

ఆ వేళకు జంగమయ్య గంట మ్రోగించుచు భిక్షకై గడపకు వచ్చెను. అత్తగారు రాగిసంగటి తెచ్చి భక్తితో సమర్పించినది. జంగమయ్య అరుగుపై కూర్చుండి ఇంటివారిని కుశలమడుగుచు యజమాని వైపు చూచి, “నాయనా, నీ మెడలో శివదారము కనబడదేమి?” అనెను.

అతడు తల వంచుకొని, “అయ్యవారూ, ఇటుకబట్టీ పనికి పోయిన యేట తీసి పెట్టెలో నుంచినాను. ఇరువది యేండ్లు గడచినవి. మరల కట్టుకొందమన్న ముఖము చెల్లకున్నది. చేనుకును అదను తప్పినది, నాకును అదను తప్పినది” అనెను.

ఇంటిలో ఎవ్వరును మాటాడలేదు. తల్లికి ఆ సంగతి తెలియనిది కాదు. కాని కుమారుని నోట అది వినుట అదియే మొదలు. జంగమయ్య అతనిని మందలింపలేదు. “ముందు పెరటి సంగతి తేల్చుదము. అది తేలినచో నీ సంగతియు తేలును” అని, అత్తగారు చెప్పిన మూడు కారణములను ఒక్కొక్కటిగ ఎత్తుకొనెను.

“అమ్మా, మహాలయపక్షమని చెప్పితివి. శివభక్తునకు శివుని దినము కాని దినమేదియో చెప్పుము. బసవేశ్వరుడును కల్యాణ శరణులును తిథివారములను చూచి పని మొదలుపెట్టినవారు కారు. లింగము అరచేతిలో నున్నవానికి దుర్ముహూర్తము లేదని వారు నమ్మినారు. కాని, నీవు చెప్పిన మొదటి మాట వేరు. అదను దాటినదంటివి. అది నిజము. ముహూర్తము మనుష్యుడు కాగితముపై వ్రాసినది. ఋతువు శివుడు నేలపై వ్రాసినది. మొదటిదానికి భయపడనక్కరలేదు. రెండవదానిని లెక్కపెట్టకున్నచో దండన తప్పదు. మనము తరచు దీనిని తారుమారు చేయుచున్నాము. వర్జ్యమునకు వెఱచి కూర్చుందుము, అదనును పోగొట్టుకొందుము.”

పాఠకులు ఈ భేదమును మనస్సున నిలుపుకొనవలయును. మూఢనమ్మకమును విడిచినవాడు కాలమును లక్ష్యపెట్టనివాడని యర్థము కాదు. శరణులు పంచాంగభయమును విడిచిరి. కాని కాయకమున కాలనియమమును మిక్కిలి పాటించిరి. శరణులలో ఒక్కలిగ ముద్దన్న యనువాడు వ్యవసాయము చేసికొని బ్రదికినవాడు, వచనములు చెప్పినవాడు. నాగలి పట్టినవానికి కాలము విలువ ఒకరు చెప్పవలసిన పని లేదు.

ఆ మీదట జంగమయ్య నేలపై పుల్లతో గీతలు గీయుచు దినములు లెక్కపెట్టించెను. సెప్టెంబరు 22వ తేదీన విత్తు పెట్టితిమనుకొనుడు. దోస 45, 50 రోజులలో కాపునకు వచ్చును. అనగా నవంబరు రెండవ వారము. బీరకు 55 నుండి 60 రోజులు. నవంబరు మూడవ వారము. సొరకు 60 నుండి 70 రోజులు, నవంబరు చివర. గుమ్మడి ముదిరి పండుటకు 110 నుండి 120 రోజులు పట్టును. అనగా మకర సంక్రాంతి. ఈ లెక్కలో సందు కొంచెమే యున్నది. మదనపల్లె సముద్రమట్టమునకు దాదాపు 700 మీటర్ల ఎత్తున నున్నది; ఆ చుట్టుపట్ల మార్గశిర పుష్యమాసములలో రాత్రులు బాగుగ చల్లబడును. తీగజాతికి 25, 30 డిగ్రీల వేడిమి ఇష్టము. చలి 15 డిగ్రీలకు దిగినచో తీగ సాగుట మందగించును. కాబట్టి అమావాస్య పోవలెనని పదిరోజులు ఆగినచో, ఆ నష్టము పదిరోజులతో తీరదు. నేడు వెచ్చని నేలలో ఒక దినమున పెరుగు తీగ, చలిలో అంత పెరుగుటకు రెండు దినములు తీసికొనును. ఆలస్యముపై ఆలస్యము వడ్డీ వలె పెరుగునది ఇట్లే.

“కనుక బూడిదగుమ్మడి జోలికి ఈ తడవ పోవలదు. దానికి దినములు చాలవు. దోస, బీర, సొర నమ్మకముగ కాయును. గుమ్మడి సంక్రాంతి నాటికి చేతికి రావచ్చును. దానిని నేడే పెట్టవలెను. మిగిలిన దినములకు తగిన విత్తును ఎంచుకొనుట ఆలస్యముగ వచ్చినవాని మొదటి విధి” అని జంగమయ్య చెప్పెను.

“ఆలస్యమునకు ఒక లాభమైన లేదా అయ్యవారూ?” అని కోడలు తలుపుచాటున నుండి యడిగినది.

“ఉన్నది తల్లీ. తీగలకు మగపూలు వేరు, ఆడుపూలు వేరు. పగటివేళ దీర్ఘమై వేడి మిక్కుటమైనపుడు మగపూలు విస్తారముగ పూయును. పగలు తగ్గి రాత్రులు చల్లబడు కొలది ఆడుపూలు ఎక్కువగును. కనుక ఈ కాలపు తీగ పొడవున తక్కువైనను, పిందె పట్టుటలో వెనుకబడదు. ఆడంబరము తక్కువ, పని ఎక్కువ.”

ఇక మూడవ కారణము. ఉన్న గింజ పోవునేమో యను భయము. ఈ భయమును జంగమయ్య తప్పు పట్టలేదు. విత్తనము దాచుట స్త్రీలు తరతరములుగ చేసికొని వచ్చిన కాయకము. ఆ తల్లి చేతిలోని సొరబుర్ర ఒక చిన్న ధాన్యాగారము. ఆయన ఇట్లు చెప్పెను: “సగము విత్తుడు, సగము దాచుడు. తీగజాతి గింజ పొడిగ నుండినచో మూడు నాలుగేండ్లు చెడదు. విత్తుటకు ముందు నీటిలో వేసి చూడుడు. తేలినది పొల్లు, మునిగినది గట్టిది. సొరగింజకు పెంకు గట్టి. రాత్రంతయు నాననిచ్చి పెట్టుడు.”

“ఎన్ని పాదులు తీయవలెను? చోటున్నంత మేర తీసెదను” అని యజమాని మొదటిసారిగ ఉత్సాహముతో లేచెను.

జంగమయ్య నవ్వి, ఆయ్దక్కి మారయ్య కథ చెప్పెను. కల్యాణపట్టణమున మారయ్య, లక్కమ్మ అను దంపతులు నేలరాలిన బియ్యము ఏరి, దానితో జంగమదాసోహము చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము మూట కట్టుకొని వచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఇంత ఎందుకు తెచ్చితివి, ఈ ఆశ మనకెక్కడిదని యడిగి, ఎక్కువైన బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను వెనుకకు పంపెను. కాయకమునకు గూడ కొలత యున్నదని లోకమునకు నేర్పిన ఇల్లాలు ఆమె. “పాదుల లెక్క చోటు చెప్పదు, బావి చెప్పవలెను. వానలు ఆగిన తరువాత నీ బావి ఎన్ని కడవల నీరిచ్చునో అన్ని పాదులే తీయుము. ఇరువది పాదులు పెట్టి పదింటిని ఎండబెట్టుటకంటె, ఎనిమిది పెట్టి ఎనిమిదింటిని పెంచుట మేలు” అని జంగమయ్య చెప్పెను.

ఆ దినమే ఎనిమిది పాదులు తీసిరి. మూరెడు వెడల్పు, మూరెడు లోతు. అడుగున బాగుగ చివికిన దిబ్బఎరువు, పైన మెత్తనిమట్టి. అంగుళము లోతున పాదికి నాలుగేసి గింజలు. మొలచిన తరువాత బలమైన రెంటిని ఉంచి తక్కినవి తీసివేయుట. మెట్టచేనిలో పదును ఆరకముందే ఉలవలు చల్లుటకు నిశ్చయించుకొనిరి.

పని ముగించి చేతులు కడుగుకొని యజమాని వచ్చి జంగమయ్య యెదుట నిలిచెను. అతడు ఏమియు అడుగకయే జంగమయ్య ఇట్లు పలికెను.

“నాయనా, పూర్వము గొగ్గయ్య యను తోటమాలి యుండెను. అల్లమప్రభువు అతని తోటకు పోయి, పైతోటను త్రవ్వుచున్న వానికి లోతోటను చూపినాడు. శరీరమే తోట, మనస్సే గునపము, పెరికివేయవలసిన కలుపు భ్రాంతియే యని బోధించినాడు. పెట్టెలోని లింగమునకు ఏమియు కాలేదు. లింగము పొల్లుపోవునది కాదు. నీటిలో వేసి చూడవలసినది నీ మనస్సును. అది తేలుచున్నదా, మునుగుచున్నదా? సిగ్గుపడుచున్నావు గనుక మునిగినదనియే నా నమ్మకము. పొల్లుగింజకు సిగ్గుండదు.”

“ఇరువది యేండ్ల పూజ పోయినది గదా స్వామీ!” అని అతడు కన్నీరు నించెను.

“పోయినది. దానిని లేదనను. ఆషాఢములో పెట్టిన తీగకు కాచు కాయలన్నియు ఉత్తర దాటిన తీగకు కాయవు. ఆలస్యమునకు వెల యున్నది. ఆ వెల చెల్లింపకతప్పదు. కాని తక్కువ కాయునని విత్తకుండుట కాయకము కాదు. సిద్ధరామేశ్వరుని తలచుకొనుము. సొన్నలాపురమున చెరువు త్రవ్వించి, గుడులు కట్టించి, లోకోపకారమున పేరు పొందిన మహానుభావుడు. అంతటివాడును తొలినాళ్ళలో ఇష్టలింగము లేనివాడే. అల్లమప్రభువు అతనిని కల్యాణమునకు తోడ్కొనిపోగా, అచ్చట చెన్నబసవేశ్వరుని చేత దీక్ష పొందెను. ఇంత చేసినవానికి ఇప్పుడు దీక్ష యేమని అతడు అభిమానపడలేదు. ఇంత ఆలస్యమైనదే యని వెనుకాడలేదు. అల్లమప్రభువు, చెన్నబసవేశ్వరుల తరువాత శూన్యసింహాసనమును అధిష్ఠించినవాడు ఆయనయే. ఈ సాయంకాలమే పెట్టె తెరువుము. మఠమునకు తీసికొనిపోయి గురువు చేతిమీదుగ కట్టుకొనుము. ఇరువది యేండ్ల బాకీని ఒక నెలలో తీర్చెదనని వ్రతములు పూనవలదు. నీ బావిలో ఎన్ని కడవల నీరున్నదో చూచుకొనుము. ప్రొద్దున, సాయంకాలము లింగమును అరచేతిలో నుంచుకొని కూర్చుండుటకు తీరిక యెంత యున్నదో అంతయే చాలును. కాని ఒక్కదినమును మానవలదు. పాదికి నీరు వారమునకొకసారి కుండలతో పోసిన నిలువదు. దినదినము చెంబెడు పోసిన నిలుచును.”

బంధువులారా! ఆ సాయంకాలము ఆ ఇంట పెట్టె తెరువబడెను. ఇచ్చటితో కథ ముగించినచో వినుటకు ఇంపుగ నుండును. కాని సేద్యమెరిగినవారు తరువాతి సంగతియు అడుగుదురు, అడుగవలసినదే.

మొలకలు వచ్చిన వారమునకే ఎఱ్ఱ పెంకుపురుగు వాలినది. అత్తగారు తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే ఆకులపై పొయ్యిబూడిద చల్లినది. ఒక పాది చచ్చినది. దాచిన గింజలనుండి తీసి మరల పెట్టిరి. నవంబరులో ఈశాన్యపు వానలు వదలక కురిసెను. ఈ సీమలో ఆలస్యపు పంటకు ఎండయొకటే శత్రువు కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య జలాశయపు కట్ట తెగిన దుర్దినమును ఎవరు మరువగలరు? కరవును చెప్పుకొను నేలయే వరదకు కొట్టుకొనిపోయినది. ఆ ఇంటి పెరటిలోను పల్లమున నున్న రెండు పాదులలో నీరు నిలిచి వేళ్ళు కుళ్ళిపోయినవి. తక్కినవానికి చుట్టును మట్టి ఎగదోసి, నీరు జారుటకు కాలువ తీసినందున అవి బ్రదికినవి. డిసెంబరు చలిలో సొర ఆకులకు బూడిదతెగులు తగిలినది. తెగులు సోకిన ఆకులను కోసి దూరముగ పారవేసిరి.

గుమ్మడితీగ పిందెలు దించిన తరువాత కోడలు చేసిన ఒక పని ముఖ్యముగ చెప్పదగినది. తీగకు మూడేసి పిందెలు నిలిచినంతనే ఆమె కొనలు త్రుంచివేసినది. అత్తగారు, “పెరుగు తీగను త్రుంచుదువా!” అని నొచ్చుకొనెను. “అత్తమ్మా, ఇంక పూచినను ముదురుటకు దినములు లేవు. కొన సాగుచున్నంతవరకు బలమంతయు కొనకే పోవును. ఉన్న పిందెలైన పండవలెను గదా” అని కోడలు మెల్లగ సమాధానము చెప్పినది.

ఇది అందరును ఆలోచింపదగిన మాట. జూన్‌లో పెట్టిన తీగకు కొన త్రుంచకున్నను నష్టము లేదు, దానికి కాలమున్నది. ఆలస్యముగ మొదలుపెట్టినవానికి ఆ స్వేచ్ఛ లేదు. ఏబది దాటిన తరువాత దైవమువైపు తిరిగిన గృహస్థుడు, ఒకచేత లింగమును పట్టి మరియొకచేత క్రొత్త ఆశలను సాగనిచ్చినచో, రెండును పండవు. ఇంకొక ఇల్లు, ఇంకొక పాతిక సెంట్ల దావా, ఇంకొక పెద్దరికము అని కొనలు సాగుచునే యుండును. మొదలుపెట్టిన దానిని పండించుటకై, మొదలుపెట్టదగని వానిని త్రుంచుట విరక్తులకు మాత్రమే చెప్పిన ధర్మము కాదు. సంసారికే అది మిక్కిలి అవసరము.

సంక్రాంతి నాటికి ఆ పెరటిలో తొమ్మిది గుమ్మడికాయలు పండినవి. దోస, బీర అంతకుముందే ఇంటి సంగటిలోనికి కూరలైనవి. కొంత సంతకు పోయి ఉప్పుపప్పులు తెచ్చినవి. ఇది ఒక ఇంటి అప్పు తీర్చు పంట కాదు. యజమాని మార్గశిరమున కొన్ని వారములు బెంగుళూరునకు కూలికి పోకతప్పలేదు. కాని ఈ తడవ శివదారము మెడలోనే యుండెను. పనిచోట, తెల్లవారుజామున తోడివారు లేవకముందు లేచి, ఇసుకకుప్ప ప్రక్కన కూర్చుండి అరచేతిలో లింగమును చూచుకొనెను. ఇటుకబట్టీలో సిగ్గుపడి తీసినవాడు ఇచ్చట సిగ్గుపడలేదు. గంప ఎత్తవలసి వచ్చుట అపజయము కాదు. విత్తదగినది విత్తకయే గంప ఎత్తుట అపజయము.

తొమ్మిది కాయల పంపకమును అత్తగారే నిర్ణయించినది. అన్నిటికంటె బాగుగ నున్న కాయ విత్తనమునకు. మూడు ఇంటికి. రెండు ఇరుగుపొరుగులకు. మూడు మఠమున దాసోహమునకు. ఎదురింటివారు ఒకటి దిష్టి తీసి వాకిట పగులగొట్టుటకు అడిగిరి. ఆమె మర్యాదగ, “దిష్టి కొరకు వీధిలో పగులగొట్టుటకు ఇయ్యలేను అమ్మా, కూర వండుకొందురేని తీసికొని పొండు” అనెను. మహాలయపక్షమున విత్తు కూడదన్న ఆ తల్లియే ఈ మాట అన్నది. మూడు నెలలలో ఆమె మనస్సునందును ఒక విత్తు మొలచినది.

మఠమునకు ఇచ్చిన మూటిలో ఒకటి మహాశివరాత్రి వరకు నిలిచియున్నది. ముచ్చికతో కోసిన గుమ్మడిని, గోరు గ్రుచ్చిన దిగనంత పెచ్చు ముదిరినదానిని, ఎండుగడ్డిపై ఒకదానికొకటి తగులకుండ ఉంచినచో నెలల తరబడి చెడదు. ఆలస్యముగ పండినందువలననే అది వేసవి మొదటి దినములకు అక్కరకు వచ్చినది. శివరాత్రి జాగరణ ముగిసి తెల్లవారిన పిదప పంక్తిలో కూర్చున్నవారికి ఆ గుమ్మడికాయ కూర వడ్డించిరి. తినినవారిలో ఒక్కరైనను, ఈ కాయను ఏ కార్తెలో విత్తితిరని అడుగలేదు. శివుని పంక్తిలో ఆ ప్రశ్న లేదు.

ఇక ముగింపు మాట. ఆలస్యము మంచిదని ఎవ్వరును భావింపరాదు. మీ బిడ్డలకు అదనులోనే లింగదీక్ష ఇప్పింపుడు. మీ చేలను అదనులోనే విత్తుడు. రేపు చేయవచ్చునను ధైర్యముతో నేడు కూర్చున్నవాడు ఈ ప్రవచనమును అడ్డము పెట్టుకొనరాదు. ఇది అదను తప్పిపోయినవారి కొరకు చెప్పినది. అట్టివారు ప్రతి గ్రామమునను ఉన్నారు. బహుశః ప్రతి గృహమునను ఒక్కరున్నారు. పెట్టెలో చుట్టిపెట్టిన లింగమొకటి, మధ్యలో మానిన చదువొకటి, ఇరువది యేండ్లుగ మాటలు లేని అన్నదమ్ముల వాకిలి యొకటి. వారికి చెప్పదగినది నాలుగు మాటలు. మిగిలిన దినములను భయపడక లెక్కింపుడు. ఆ దినములకు తగిన విత్తును ఎంచుకొనుడు. నీరెంత యున్నదో అన్ని పాదులే తీయుడు. పండినదానిలో ఒక పాలు దాసోహమునకు ఇయ్యుడు. కాయ ఎన్ని కాచునో అది శివుని చిత్తము. పాది తీయుట మాత్రము మనుష్యుని కాయకము. అట్టి కాయకమునే శరణులు కైలాసమునకు సమానముగ నెంచిరి.

మీ ఇంటి అటక క్రింద సొరబుర్ర వ్రేలాడుచున్నదేమో నేడు ఒకసారి చూచుకొనుడు.